పదిహేడు నిమిషాలు

మా అక్క యూరున్ పుట్టింది
డెబ్భై తొమ్మిదో సంవత్సరం ఆఖరి రాత్రి,
పదకొండూ యాభై రెండుకి.
నేను ఎనభైలో పుట్టాను,
ఏడాది మొదలై తొమ్మిది నిమిషాలయ్యాక.
నడుమ బెర్గెన్ ఆకాశమంతా తారాజువ్వలు.
మంత్రసాని కిటికీలోంచి వాటిని చూస్తూ నిలబడిపోయిందనీ
అందుకే నేను ఆలస్యమయ్యాననీ
ప్రతి పుట్టినరోజుకీ నాన్న ఒట్టేసి చెప్పేవాడు.

నార్వే చట్టం సరిగ్గా అక్కడే గీత గీసింది.
ఎనభైకి ముందు పుట్టినవాళ్ళకి
సముద్రం తెలిసే ఉంటుందట.
తర్వాతివాళ్ళు పరీక్ష రాయాలట.
ఒకే కడుపులో, ఒకే ఉమ్మనీటిలో
ఇద్దరం కలిసే ఈదాం కదా అంటే
ఆ నీళ్ళు లెక్కలోకి రావట.

నాన్న పోయాక పడవ ఇద్దరికీ వచ్చింది.
ఆరున్నర మీటర్లు,
నలభై గుర్రాల ఇంజను,
సీటు కింద ఎప్పటివో చేప పొలుసులు.
అక్క తాళం తిప్పితే షికారు,
నేను తిప్పితే నేరం.

నలభై నాలుగేళ్ళ వయసులో
అగ్నిమాపక కేంద్రం మేడ మీద
పదిహేనేళ్ళ పిల్లల మధ్య కూచున్నాను.
పక్కన ఎస్కిల్ అనే కుర్రాడు
"మీరు మా అమ్మకన్నా పెద్దా?" అన్నాడు.
"పదిహేడు నిమిషాలు చిన్న" అన్నాను.
వాడికి అర్థం కాలేదు, పాపం.

పాత ఫెర్రీ సరంగు ఒడ్వార్ మా పంతులు.
రేవులోకి వచ్చేటప్పుడు ఎరుపు ఎడమ, ఆకుపచ్చ కుడి.
కుడి నుంచి వచ్చే పడవకి దారివ్వు,
అది నీ తోడల్లుడిదైనా సరే.
రాళ్ళ దగ్గర పాతిన గుర్తు కొనన రెండు నల్ల శంకువులు:
రెండూ పైకి చూస్తే ఉత్తరం,
మొనా మొనా ముద్దాడితే పడమర,
అడుగూ అడుగూ ఆనుకుంటే తూర్పు, కోడిగుడ్డులా.
నాలుగోది చెప్పబోతుంటే
కింద సైరన్ మోగి అగ్నిమాపక బండి వెళ్ళిపోయింది.
అది నేను ఇంటికొచ్చి చదువుకున్నాను.

రాత్రుళ్ళు అక్క కళ్ళద్దాలు పెట్టుకుని
ప్రశ్నలడిగేది, వెనక పేజీ తిప్పి జవాబు చూసేది,
ఒక్కటి తప్పినా నవ్వేది, సరంగమ్మలా.
ఒకరోజు,
"పొగమంచులో పోతున్న మోటారు పడవ ఏం చెయ్యాలి?"
"రెండు నిమిషాలకోసారి పొడుగ్గా ఒక కూత."
వెనక పేజీ తిప్పింది.
మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి.
"ఇన్నేళ్ళూ నేను పాట పాడుకుంటూ వచ్చాను" అంది.
"ఎవరూ గుద్దలేదా?"
"నా గొంతు నీకు తెలుసుగా."
తర్వాత చాలాసేపు
పుస్తకం నాకివ్వకుండా తానే చదువుకుంది.

యాభై ప్రశ్నల్లో నాలుగు పోయాయి.
అందులో ఒకటి, పడవలోని మరుగుదొడ్డి తొట్టి
ఒడ్డుకి ఎంత దూరంలో ఖాళీ చెయ్యాలన్నది.
మా పడవలో ఒక బాల్చీ ఉండేది, అంతే.
కార్డు పోస్టులో వచ్చింది,
ఫోటోలో నా కళ్ళు సగం మూసుకుని.
ఆ సగం చూపుతోనే
ఇకనుంచి నేను నడపవచ్చు.

ఆదివారం చుక్కాని నాకిచ్చి
ముందు బల్ల మీద కాఫీ ఫ్లాస్కుతో కూచుంది అక్క.
నాన్న లెక్క ఆమెకి కంఠతా:
పసుపు పడవశాల చర్చి శిఖరం కిందికి రాగానే
ఎడమకి తిరగాలి.
పడవశాలని నిరుడు ఓస్లో దంతవైద్యుడు కొన్నాడు,
నల్లరంగు వేయించాడు.
అక్క అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని
ఇంకా పసుపునే వెతుకుతోంది.

నీళ్ళలోంచి ఒక స్తంభం పైకొచ్చింది,
కొనన రెండు శంకువులు, రెండూ తలకిందులుగా.
"ఏయ్, అదేమంటోంది?" అంది,
వెనక్కి తిరగకుండా, మామూలుగా అడిగినట్టు.

చుక్కాని మాత్రం అప్పుడే తిప్పేశాను,
రాయిని ఉత్తరాన వదిలి, దూరంగా.
అర్థం తర్వాత చెబుతానన్నాను.
ఎంతసేపటికని అడగలేదు అక్క.
కాఫీ మూత బిగిస్తూ
చేతి గడియారం చూసుకుంది.