పడే బడి

మంగళవారం పదిన్నరకి
డోక్కుమ్ ఊరి వ్యాయామశాలలో
పడటం నేర్పుతారు.

అవును, పడటమే.
డెబ్బై తొమ్మిదేళ్ళ వాణ్ణి,
అందులో నలభై రెండేళ్ళు
ఫ్రీస్‌లాండ్ ఇళ్ళ కప్పులమీద రెల్లు కప్పినవాణ్ణి,
సముద్రపు గాలి చొక్కా పట్టుకు లాగినా
ఒక్కసారి జారనివాణ్ణి.
నాకు!

జారింది ఎక్కడంటారా, నవ్వకండి,
వంటింట్లో.
పిల్లి పాలగిన్నె దాటబోయి.
మణికట్టు విరిగింది.
పిల్లికేం కాలేదు.
ఆరు వారాలు మా ఆవిడ ఫ్రౌక్యె
నా చొక్కాకి గుండీలు పెట్టింది.
ఏడో వారం నా పేరు ఇక్కడ రాయించింది.

టీచరు నీంకె, ఇరవయ్యారేళ్ళ పిల్ల,
నీలం పరుపులు పరిచి అంటుంది:
"చేతులు చాచకండి, నేల మీకేమీ ఇవ్వదు.
గడ్డం గుండెకి ఆన్చండి.
పక్కకి తిరగండి.
ఒంట్లో మెత్తని చోటేదో చూసుకుని
దాన్ని ముందు పంపండి.
ఊపిరి బిగబట్టకండి."

"మెత్తని చోట్లు చాలా ఉన్నాయమ్మా,
దేన్ని పంపను?" అంది బౌక్యె.
ఆమెకి ఎనభై నాలుగు.
నవ్వుతూనే దొర్లింది, దుప్పటి మూటలా.
నేను మాత్రం పరుపు అంచున
కొయ్యలా నిలబడ్డాను.

ఇన్నేళ్ళలో ఎన్ని రకాలుగా పడలేదు!
కష్టపడ్డాను. సిగ్గుపడ్డాను.
పాలకేంద్రం వాళ్ళ నాట్యాల రాత్రి
ఫ్రౌక్యెని చూసి ఇష్టపడ్డాను,
మూడేళ్ళు ఆమె అన్నచేత మాటపడ్డాను.
అప్పులపాలై, తీర్చి, తెరిపిన పడ్డాను.
ఉత్తినే పడటం మాత్రం
ఏడాది బిడ్డగా వచ్చిన విద్య,
ఏ కప్పుమీదో పారేసుకున్నట్టున్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమంటారు.
ఆ మాటన్నవాడికి డెబ్బై దాటి ఉండవు.
ఈ వయసులో నోరు జారితే
"పోన్లే, పెద్దాయన" అంటారు.
కాలు జారితేనే అంబులెన్సు.

ఒకరోజు నీంకె మా ఇంటికొచ్చింది.
నడవలో అంచు లేచిన తివాచీ చుట్టేయమంది.
అది మా అత్తగారిది.
ఫ్రౌక్యె గంటసేపు దానిమీదే కూర్చుని
తర్వాత తనే చుట్టింది.
మడమ పట్టులేని చెప్పులు చెత్తబుట్టలోకి,
రాత్రి లేచే దారిలో చిన్న దీపం,
కళ్ళజోడుకి కొత్త అద్దాలు.
నిద్రమాత్ర సంగతి డాక్టర్ని అడగమంది.
అడిగాను. సగం చేశాడు.

పళ్ళు తోముకుంటూ
ఒంటికాలిమీద నిలబడమంది, గట్టు పట్టుకుని.
కిటికీ అవతల కాలువలో
అసలు కొంగ అలాగే నిలబడి నన్ను చూస్తుంది.
నావి పదకొండు సెకన్లు.
దానికి లెక్కలేదు.

నవంబరులో వీబ్రెన్ పరుపు ఖాళీ.
ఎముకేదీ విరగలేదట.
పెరట్లో పడ్డాడు, లేవడం తెలియలేదు,
తెల్లారేదాకా మంచులో.
ఆ మంగళవారం ఎవరూ జోకులెయ్యలేదు.
నీంకె పడటం ఆపి లేవడం చెప్పింది:
పక్కకి దొర్లు, మోకాళ్ళమీదికి రా,
కుర్చీదాకా పాకు.
తొందరేం లేదు.
పాకాం, పద్నాలుగుమంది ముసలాళ్ళం,
మా మనవల్లో ఎవరూ చూడకుండా.

జనవరిలో రేవు గట్టుమీద
నల్లమంచు.
కాలు పోయింది.
గడ్డం గుండెకి ఆనింది,
భుజం వెళ్ళింది, వెనక తుంటి,
ఊపిరి దానంతటదే బయటికొచ్చింది.

వెల్లకిలా పడి చూద్దును కదా,
ఎదురుగా నేను ఎనభై ఒకటిలో కప్పిన ఇల్లు.
ఉత్తరం వాలున నాచు పట్టింది,
శిఖరం దగ్గర రెల్లు పలచబడింది.
కిందినుంచి చూసుకోవాలని
ఎన్నడూ తోచలేదు.

సైకిలు కుర్రాడొకడు ఆగి చెయ్యందించాడు.
"ఉండు నాయనా, ఇంకాసేపు" అన్నాను.
తర్వాత దొర్లి, మోకాళ్ళమీదికొచ్చి,
బెంచీ పట్టుకుని లేచాను.

ఇంటికెళ్ళి ఏం చెప్పలేదు.
ఫ్రౌక్యె నా కోటు భుజాన మంచు దులిపి
"ఎలా పడ్డావు?" అంది.

"బాగా" అన్నాను.