వినియోగ ధ్రువపత్రం

ఆడిట్ సెక్షన్ వారికి,
నరసాపురం నుంచి ఉండ్రు రత్నకుమారి రాయునది.

మీరు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపిన
నలభై మూడో వోచరు అందిందండి.
ఫ్లాస్కుడు టీ, దోమల చక్రాలు, టార్చి బ్యాటరీలు,
రాత్రి పదకొండున్నర.
పరిశోధన ఆ వేళప్పుడెందుకు అన్నారు.

బోదకాలు పురుగు పగటిపూట పైనెత్తుటిలోకి రాదండి.
లోపలెక్కడో, ఊపిరితిత్తుల మలుపుల్లో
ముడుచుకుని పడుకుంటుంది.
ఊళ్లో టీవీలన్నీ ఆగి
దోమ డ్యూటీ ఎక్కే వేళకి
వేలి చివరిదాకా ఈదుకుంటూ వస్తుంది.
దాన్ని కలవాలంటే దాని టైములోనే వెళ్లాలి,
మీ దగ్గరకి మీ టైములో వచ్చినట్టు.

ఇత్తడి కడ్డీ, పన్నెండు కిలోలు. అది మా అన్నయ్య ఖాతా.
పడవల షాఫ్టులు తిప్పే లేతు మీద
చిటికెనవేలంత గొట్టం తిప్పాడు,
ఫోను కంటికి తొడిగే గొట్టం.
ఇంటర్వ్యూలో కమిటీ వారు మీ ల్యాబు ఎక్కడమ్మా అంటే
ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు అని చెప్పాను.
ఒకాయన నవ్వారు. ఒకావిడ రాసుకున్నారు.
గ్రాంటు ఆ రాసుకున్నావిడ వల్లే వచ్చిందని
అన్నయ్య ఇప్పటికీ అంటాడు.
మొదటి ముప్పై ఒక్క గొట్టాలూ పనికిరాలేదు.
వాటిని మీరు వృథా గడిలో వేశారు.
ఆ డబ్బా మేం పారేయలేదండి,
ముప్పై రెండోది ఎందుకు కుదిరిందో అందులోనే ఉంది.

ఇక లేసు పనివాళ్లు, పదకొండు మంది, రోజుకి నాలుగొందలు.
విద్యార్హత దగ్గర ప్రశ్నార్థకం పెట్టారు.
తెల్ల దారంలో తెల్ల దారం అల్లుతూ
జారిన ఒక్క ముడిని
కరెంటు పోయిన సాయంత్రం కూడా పట్టుకునే కళ్లండి అవి.
తెర మీద నెత్తుటి చుక్క చూపిస్తే
మార్తమ్మగారు కొంగుతో కళ్లజోడు తుడుచుకుని
"ఇదుగో, ఇక్కడ పోగు కదిలింది" అంది.
ఆవిడ వేలు పెట్టి చూపించాకే
మా కంప్యూటరుకి చూడ్డం వచ్చింది.

దరఖాస్తులో అడిగారు, దీనికి మార్కెట్ ఎంత అని.
అప్పుడు చేతకాక ఖాళీ వదిలేశాను.
ఇప్పుడు కొంచెం చెప్పగలను.
లంకలో గుబ్బల సూరాయమ్మ ఉంది.
ఇరవయ్యేళ్లుగా ఒక కాలు ఆవిడది, ఒక కాలు జబ్బుది.
ముందు ఆవిడే వేలు చాపింది.
చుక్కలో ఏమీ లేదు.
పురుగు ఎప్పుడో పోయింది, కాలు మిగిలిపోయింది.
"మరింకేం, లేదన్నారుగా" అని నవ్వి
నిద్రమత్తులో తూలుతున్న మనవరాల్ని ముందుకి తోసింది.
నాలుగో తరగతి. పట్టీలు పెట్టిన సన్నటి కాళ్లు.
ఒక్క చుక్కలో ఏడు.

ఆ రాత్రి ఎవరం టీ తాగలేదు.
ఫ్లాస్కు నిండుగా తిరిగొచ్చింది.
కావాలంటే ఆ డబ్బులు కొట్టేయండి.

మాత్రలు ఆసుపత్రి వాళ్లిచ్చారు,
అది మా లెక్కలోకి రాదు.
ఏడాది తిరిగాక అదే పిల్ల, అదే వేలు,
చుక్కలో ఒక్కటీ లేదు.
అది ఏ లెక్కలోకి వస్తుందో
మీ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను,
గడి దొరకలేదు.

ఇంకొకటండి.
ఆఖరి పంటు వెళ్లిపోయాక
అవతలి రేవు నుంచి మమ్మల్ని నాటుపడవ మీద తెచ్చిన అబ్బులు
డబ్బులు తీసుకోలేదు.
"మా అమ్మకీ ఉండేదండి కాలు" అన్నాడంతే.
తీసుకోని డబ్బుకి రసీదు ఎలా తేవాలో తెలీక
ఆ రాత్రి ప్రయాణం లెక్కల్లో చూపించలేదు.
వశిష్ఠ మాత్రం దాటాం.

మిగులు రెండొందల పన్నెండు రూపాయలకి డీడీ జతచేశాను.
మూడో విడత ముసురు పట్టేలోపు పంపితే మేలు.
ఇంకా తొమ్మిది లంకలున్నాయి.

ఈ సంతకం పగలే చేశాను,
చూసుకోండి.