గుమ్మడికాయ నూటపదహారు

హల్ నగరంలో, మంగళవారం మధ్యాహ్నాలు,
లైబ్రరీ మేడమీద నా కొలువు.
పాస్‌వర్డులు మరిచినవాళ్ళకు తోవ చూపడం.
కిటికీ అవతల వాన,
వాన వెనక ఎక్కడో నది ఉన్నట్టు బురద వాసన.

బ్రెండా టాస్కర్ వస్తుంది, డెబ్భై తొమ్మిదేళ్ళు.
బిస్కెట్ల డబ్బాలోంచి ఎర్ర నోటుబుక్కు తీస్తుంది.
బ్యాంకుదొకటి, గ్యాసుదొకటి, డాక్టరుదొకటి,
మనవరాలి ఫొటోలది మాత్రం పెన్సిలుతో.
రాసిపెట్టుకోకూడదని చెప్పాలి నేను.
శిక్షణలో అదే నేర్పారు.
చెప్పను.
ఆ పుస్తకం ఎత్తుకుపోవాలంటే ఎవడైనా
ఈ వానలో రెండు బస్సులు మారాలి,
మూడో మెట్టు మీద పడుకునే ఆమె ముసలి కుక్కను దాటాలి.
సముద్రాల అవతలి దొంగకు అంత ఓపికెక్కడిది?

"నిన్నటిదాకా ఇక్కడుండే బొత్తాం ఏదమ్మాయ్?" అంటుంది.
రాత్రికి రాత్రి ఎవరో సర్దేశారు.
సర్దినవాడికి జీతం పెరిగింది కాబోలు,
బ్రెండాకు మాత్రం తన వంటింట్లో
తన ఉప్పుడబ్బా కనబడటం లేదు.
ఒప్పుకోమనే బొత్తాం ఆకుపచ్చగా, అరచేతంత.
వద్దనేది చీమ తలకాయంత, బూడిద రంగులో.
కూరగాయలవాడు తక్కెడ కింద బొటనవేలు పెడితే
వీధంతా ఏకం చేస్తాం.
దీన్ని డిజైన్ అంటారు.

ఇన్ని చెప్పే నేను కూడా
అప్‌డేట్ చెయ్యమని లాప్‌టాప్ పోరుతుంటే
నెలన్నరగా ఒకటే జవాబు.
చిన్నప్పుడు మా వీధి తలుపులన్నిటి మీదా
దయ్యం కోసం సుద్దముక్కతో రాసేవాళ్ళు, 'రేపు రా' అని.
ఆ దయ్యానికి చదువుంది, మర్యాద ఉంది,
చదువుకుని వెళ్ళిపోయేది.
ఇదీ అంతే.
కాకపోతే రేపంటే నిజంగా రేపే వస్తుంది.

మొన్న శుక్రవారం రాత్రి వార్త:
నేను ఒకే ఒక్కసారి చెప్పులు కొన్న దుకాణం
లక్షల మంది తాళాలు పోగొట్టుకుందట.
'మీ భద్రతే మాకు ముఖ్యం' అని ఉత్తరం.
పోయాక ముఖ్యమయ్యేవి లోకంలో చాలానే ఉంటాయి.

నా తాళం గట్టిదని నాకు గర్వం.
ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ దొరకని మాట,
గుమ్మడికాయదొంగ.
రెండు ఎమ్‌లు, 'కా'కు రెండు ఏలు.
అంకె కూడా ఉండాలని మొండికేస్తే
నూటపదహార్లు చదివించాను.
పచ్చగీత చివరిదాకా సాగింది.
బలమైనదే, అంది యంత్రం.

బయటపడ్డ మాటల పట్టీలో వెతికే చోట
దాన్ని టైపు చేశాను.
నాకేం భయం అనుకుంటూనే
ఎడమ భుజం తడుముకున్నాను.

దొరికింది.
మూడుసార్లు.

ఒకటి నాది.
తక్కిన రెండూ?

కాసేపు దొంగ సంగతే మరిచిపోయాను.
ఎవరు వాళ్ళు, 'కా'కు రెండు ఏలు పెట్టినవాళ్ళు,
అంకె అడిగితే పుట్టినరోజు కాక
పెళ్ళిపందిట్లో చదివింపుల కాగితం తట్టినవాళ్ళు?
ఒకరు పెర్త్‌లో రాత్రి డ్యూటీ నర్సేమో,
ఒకరు నిజామాబాదులో రశీదులు రాసే కుర్రాడేమో.
లేదా ఇదే ఊళ్ళో, రెండు వీధుల అవతల,
మీగడరంగు టెలిఫోన్ బాక్సు పక్కింట్లో
ఇప్పుడే, ఈ వార్తే చదివి
భుజం తడుముకుంటున్నారేమో.
ముగ్గురం మూడు తలుపులకు ఒకే తాళం బిగించి
ఒకరికొకరం తెలియకుండా
ఎన్నేళ్ళు నిశ్చింతగా నిద్రపోయామో!
దొంగ పుణ్యమా అని తెలిసింది.
కంపెనీ ఉత్తరంలో ఈ ముక్క లేదు.

మార్చాను. మార్చాలి,
బ్రెండాకయినా అదే చెబుతాను.
కొత్తది యంత్రమే ఇచ్చింది: ఇరవై అక్షరాలు,
ఏ నాలుకా పలకలేనివి,
లోకంలో ఇంకెవరికీ తట్టనివి.
చాలా బలమైనది.
పాతదాన్ని ఒక నోటుబుక్కు కొని
మొదటి పేజీలో రాసుకున్నాను,
తెలుగులోనే, పెన్సిలుతో.

ఆ రాత్రే అప్‌డేట్ మళ్ళీ తలుపు కొట్టింది.
సరే, రమ్మన్నాను.
తెల్లారి లేచేసరికి
నా ఉప్పుడబ్బా కనబడలేదు.