డ్రాయింగులో లేని పైపు

ఇంజను రూములో ముప్పై మెట్ల నిచ్చెన.
ఇరవయ్యో మెట్టు మీద
కళ్ళకి మసి పూసినట్టయింది.
కిందనున్న హెల్పరు కుర్రాడు నడుం పట్టాడు కాబట్టి
ఈ మాట నేను చెబుతున్నాను, ఇంకెవరో కాదు.

ఈసీజీ బాగుంది. ఎకో బాగుంది.
నలభై రెండేళ్ళు. చుట్ట లేదు, సుగరు లేదు.
"గేసు బావూ" అన్నాడు మందుల షాపువాడు.
"దిష్టి" అంది అప్పలనర్స, ఎండుమిరపకాయలు తిప్పి.
కేజీహెచ్‌లో మృణాళిని డాక్టరమ్మ మాత్రం
"పని మీద ఉన్నప్పుడేనా? కూర్చుంటే రాదా?"
రెండుసార్లు అడిగి సీటీకి రాసింది.

తెర మీద నా గుండె,
యార్డు ఆఫీసులో మోడల్ ఓడలా
ఎటు కావాలంటే అటు తిరుగుతోంది.
"కుడివైపు మొదలవ్వాల్సిన నాళం ఎడమన మొదలైంది.
రెండు పెద్ద నాళాల మధ్య ఇరుక్కుని కుడికి వెళుతోంది.
పుట్టుకతోనే."
పెన్నుతో చూపించింది దాని నోరు:
గుండ్రం కాదు, చొక్కా కాజా.

షిప్‌యార్డులో ఇరవయ్యేళ్ళుగా పైపులు బిగిస్తున్నవాణ్ణి.
ఉబ్బే రెండు లైన్ల నడుమ మెత్తటి పైపు వేస్తే
సుద్దముక్కతో ఇంటూ కొడతాను.
ఇదెవడు గీశాడు?
మా అమ్మ కడుపులో ఏ ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు?

ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వలేదు.
"అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు.
ఇది ఉందని తెలియకుండానే ముసలివాళ్ళయ్యేవాళ్ళున్నారు.
మీకు మాత్రం శ్రమపడితే రక్తం చాలడం లేదు, పరీక్షలో తేలింది.
లోపలి గోడ విప్పి నోరు వెడల్పు చేస్తారు.
అందాకా నిచ్చెనలొద్దు, పరుగొద్దు, ఈతొద్దు.
మీ ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా...?"
"లేదండి" అన్నాను.

కేజీహెచ్ డౌన్ దిగుతుంటే
ఫైలు చంకలో, ఎదురుగా ముక్కంత సముద్రం.
సింహాద్రి.
మా తమ్ముడు, పంతొమ్మిదేళ్ళవాడు.
జాలారిపేట ఇసకలో వాలీబాల్ ఆడుతూ
బంతికని ఎగిరి
బంతి కంటే ముందు పడ్డాడు.
గాలి సోకిందన్నారు. నమ్మాం.
ఇరవై ఒక్కేళ్ళు నమ్మాం.
వాడి గుండెకి ఎవరూ ఫొటో తియ్యలేదు.
ఇదేనని అనలేను. కాదనీ అనలేను.

ఆ ఎత్తు మళ్ళీ ఎక్కాను,
నాలుగడుగులకోసారి గోడ పట్టుకుని.
ఓపీ కిటికీ మూసేశారు.
డాక్టరమ్మ స్కూటీ స్టార్టు చేస్తోంది.

"అమ్మా, ఇందాక నాను తప్పు సెప్పినాను.
ఇంకోటి...
మా గుంటడు ఇస్కూలు కబడ్డీ టీములో ఉన్నాడు."

ఆవిడ బండి ఆపు చేసింది.