సోమవారం కేకు

తెల్లారకముందే పిలిచారు.
ఎవరి పార వాళ్ళే తెచ్చుకోవాలి,
గంటకింత కూలి, పైన ఒక టికెట్టు.
స్టేడియం నిండా నడుం లోతు మంచు.
బఫెలోలో జనవరి అంటే అంతే,
రాత్రంతా సరస్సు మేలుకుని
మా మీద దూది ఏకుతుంది.

నాది ముప్పై ఒకటో వరస.
పక్కన ఒడెల్, స్కూలు బస్సు నడుపుతాడు,
పార ఎత్తినప్పుడల్లా ఒక పాత మ్యాచ్ తవ్వుతాడు.
"ఆ రోజు గాలి లేకపోతే గెలిచేవాళ్ళం."
"ఆ కుర్రాడి మోకాలు నిలిచి ఉంటే గెలిచేవాళ్ళం."
గెలిచేవాళ్ళం.
మా ఊళ్ళో అందరికీ నోరు తిరిగిన మాట అదొక్కటే.
గెలిచాం అనడం
మా నాలుకలకి అలవాటు లేదు,
ఎప్పుడైనా అనాల్సొస్తే తడబడతామేమో.

నేను పుట్టింది ఇలాంటి చలిలోనే.
మా వీధి చివర గెనోవెఫా బేకరీ.
జట్టు పెద్ద మ్యాచ్ దాకా వచ్చిన ఏడు
ఆవిడ శనివారమే మూడడుగుల కేకు చేసి
నీలం క్రీముతో 'ఛాంపియన్లు' అని రాసి పెట్టేది.
ఆదివారం రాత్రి
వీధి వీధంతా ఒక్కసారే టీవీలు ఆపేసేది.
సోమవారం పొద్దున ఆవిడ
చాకుతో ఆ అక్షరాలు గీకేసి
కేకుని సగం ధరకి పెట్టేది.

మా నాన్న ధాన్యం మిల్లులో బస్తాలు మోసేవాడు.
తేదీ కాస్త అటూ ఇటూ అయినా
నా పుట్టినరోజుని ఆ సోమవారానికే జరిపేవాడు.
గులాబి రంగుతో పేరు రాయించి తెచ్చేవాడు.
యద్విగా. పొడుగు పేరు, అంచు దాటి కిందికి జారేది.
కొవ్వొత్తుల వెలుగులో చూస్తే
నా పేరు కింద నీలం మరక,
మొదటి అక్షరానిదో తోక,
చివరి అక్షరానిదో సగం ఒంపు.
తిన్నాక రెండు రోజులు నాలుక నీలంగా ఉండేది.
జట్టు మధ్యలోనే ఇంటికొచ్చేసిన ఏడు మాత్రం
రొట్టె ముక్కకి గుచ్చిన కొవ్వొత్తే పుట్టినరోజు.

తొమ్మిదేళ్ళప్పుడు అనుకుంటా,
ఇక ఒక్క తన్ను మిగిలింది.
మా ఇంటి నిండా జనం, మోకాళ్ళ మీద.
నాన్న నా చెయ్యి నలిగేలా పట్టుకున్నాడు.
అప్పుడు తట్టింది నాకు:
గెలిస్తే గెనోవెఫా ఆ కేకు ఊరంతా పంచేస్తుంది.
మరి నాకు?
అందరూ దేవుణ్ణి ఒకటి అడుగుతుంటే
కళ్ళు మూసుకుని నేను ఇంకొకటి అడిగాను.
బంతి లేచింది.
పసుపు స్తంభాల దాకా తిన్నగా వెళ్ళి
చివర్లో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
పక్కకి తిరిగింది.

నాన్న ఏమీ అనలేదు.
బూట్లు వేసుకుని, పార తీసుకుని బయటికి పోయాడు.
ఆ రోజు వాకిట్లో మంచు లేదు.
ఉత్త సిమెంటు మీద పార గీరుకుంటున్న చప్పుడు
చాలాసేపు.
మర్నాడు కేకు తెచ్చాడు.
నేను తిన్నాను కూడా.

నాన్న పోయి పదకొండేళ్ళు.
బేకరీ ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు.
ఎవరికీ చెప్పని సంగతి
ఇవాళ ఎందుకో ఒడెల్‌కి చెప్పాను.
పార మంచులో గుచ్చి, నడుం మీద చెయ్యేసుకుని
"అయితే అది నువ్వా?" అన్నాడు.
తర్వాత నవ్వాడు, పొగలు పొగలుగా.
"మా అమ్మమ్మ, తను కుర్చీ మారి కూర్చున్నందుకే ఓడారని
చచ్చేదాకా ఏడ్చింది.
మా పాస్టరు, సాక్సు ఉతికించినందుకు.
వరసలో నిలబడమ్మా,
నీ ముందు చాలామంది ఉన్నారు."

మిల్లు వైపు నుంచి వేగిన ఓట్స్ వాసన.
పార అంచుకి టక్కున ఏదో తగిలింది.
చేతి తొడుగుతో తుడిస్తే
మంచు కింద నీలం పెయింటు, పద్నాలుగో నంబరు కుర్చీ.
ఆదివారం దీంట్లో ఎవరో కూర్చుంటారు,
కూర్చోరు, దీని మీదెక్కి అరుస్తారు.
ఈ వరసలో ఇంకా పదిహేడు ఉన్నాయి.
ఇంతలో మళ్ళీ మంచు మొదలైంది.