ఉతకబోయే ముందు

ప్యాంటు మెషిన్లో వేసేముందు జేబులు వెతకాలి.
ఇది నాకెవరూ నేర్పలేదు.
చేరిన ఏడాదే ఎవడి జేబులోనో ఎర్రసిరా పెన్ను పగిలి
మోంటానా గాలిలో మా కుర్రాళ్ళంతా
గులాబీరంగు బట్టలతో ఆడి, ఓడి,
తలా ఒక మాట అన్నారు నన్ను.
అననిది ఆయనొక్కడే.

ఎల్డన్ వ్రాబెల్. మేనేజరు. నలభై ఒకటో నంబరు.
మోకాళ్ళు రెండూ క్యాచర్‌గా కూచుని కూచుని అరగదీసుకున్నవాడు.
పెద్ద లీగులో ఆటగాడిగా ఉన్నది నాలుగు రోజులు.
అందులో రెండు రోజులు వాన.
ఈ సంగతి ఆయన చెప్పలేదు, బస్సు డ్రైవరు చెప్పాడు.

వెనక జేబులో ఆ రాత్రి బ్యాటింగ్ వరస రాసిన అట్టముక్క,
చెవిదుద్దంత పెన్సిలు.
నెగ్గిన రోజు అట్ట నలగదు.
ఓడిన రోజు మూలలు కొరికి ఉంటాయి.
మైదానంవైపు తొంగిచూడకుండానే
స్కోరు చెప్పేసేదాన్ని.

కుడి జేబులో పొద్దుతిరుగుడు గింజలు, ఉప్పువి.
ఆ జేబుకో చిల్లు.
కుట్టనా అంటే
"వద్దులే, ఉప్పు తగ్గించమన్నాడు డాక్టరు.
జారినన్ని జారనీ" అన్నాడు.
మూడో బేస్ పక్కన, సుద్దగీతల మధ్య నిలబడి
చెయ్యి ఊపినప్పుడల్లా కాలివెంట రాలేవి.

గింజలు ముట్టని రోజులు కొన్ని ఉండేవి.
ఎవడో కుర్రాణ్ణి గదిలోకి పిలిచి, తలుపు వేసి,
ఇక ఇంటికెళ్ళమని చెప్పే రోజులు.
ఎర్మోహెనెస్ తపియాని పంపేసిన సాయంత్రం
జేబులో చీటీ దొరికింది.
ఐదు ముక్కలు స్పానిష్‌లో,
ఒక మాట కొట్టేసి దానిపైన ఇంకో మాట,
అదీ కొట్టేసి, మళ్ళీ మొదటిదే.
క్లబ్బులో దుబాసీ ఉన్నాడు, జీతమిచ్చి పెట్టుకున్నవాడు.
ఆ రోజు వాణ్ణి కాఫీకి పంపించాడట.

యాభై ఆరో ఏట పైకి పిలిచారు,
పెద్ద లీగులో మూడో బేస్ కోచ్‌గా.
పని చిన్నదే.
పరుగెత్తుకొచ్చేవాణ్ణి అరచెయ్యి చూపి ఆపాలి,
లేదా చెయ్యి గిరగిరా తిప్పి హోమ్ ప్లేట్‌కి తోలాలి.
ఆలోచించుకోడానికి ఒక ఊపిరి.
సెప్టెంబరులో, టీవీలో, నేను చూస్తుండగా, తిప్పాడు.
బంతి ముందొచ్చింది.
మనిషి ఇంకా రెండడుగుల దూరంలో ఉన్నాడు.
సీజను అక్కడితో సరి.

మర్నాడు పేపర్లు ఆయన్ని ఉతికి ఆరేశాయి.
ఉతకడం నాకు తెలుసు.
మరక పోవాలని ఉతుకుతాం మేము.

ఏప్రిల్లో మళ్ళీ మా బస్సులోనే దిగాడు,
అదే సంచి, నడుం దగ్గర కొంచెం వదులైన ప్యాంటు.
బుట్ట అందుకుంటూ అడిగాను, ఒక్కసారే.
"ఫీల్డరు బాగా విసిరాడు," అన్నాడు.
అంతే.
నా నోట్లో నువ్వుగింజ నానదు, ఊరందరికీ తెలుసు.
ఆయన నోట్లో గింజ తొమ్మిది ఇన్నింగ్సులు నానేది.

ఇంకో ఏడేళ్ళు. ఎంతమంది కుర్రాళ్ళో.
ఒకడు పైకెళ్ళి కారు పంపిస్తానన్నాడు, పంపలేదు.
ఒకడు పెళ్ళి పిలుపు పంపాడు,
అది నాలుగు ఉతుకులు తట్టుకుంది, నేను చూసుకోక.

చివరి ఆట అయ్యాక యూనిఫాం తనే తెచ్చిచ్చాడు, మడతపెట్టి.
మెషిను దగ్గర అలవాటుగా జేబులు తిరగేశాను.
పెన్సిలు లేదు. అట్ట లేదు. పొట్టు కూడా దులిపేసి ఉంది.
చిల్లులోంచి నా వేలు బయటికొచ్చింది.
అప్పుడు కుట్టాను.
ఆ నంబరు ఇంకెవరికో ఇస్తారు కదా.

వేయించిన గింజ మొలవదు. తెలుసు నాకు.
అయినా మంచు కరిగాక
మూడో బేస్ పక్కన ఆ గీతల దగ్గరికెళ్ళి
వంగి చూస్తాను.
గడ్డి తడుపుతున్న ఫిన్లే కేకేస్తాడు,
ఏం పోగొట్టుకున్నావని.
దుద్దు, అంటాను.