కౌంటు

నలభై కౌంటుకి పట్టేద్దామా, ముప్పై దాకా ఆగుదామా
అని ప్రతి పంటకీ గట్టు మీద నిలబడి
రాజుగారు నన్నే అడుగుతారు.
కాపలావాణ్ణి, నాకేం తెలుసండీ అంటాను.
తెలుసు.
విసురు వలలో పడ్డ రొయ్య మీసం చూస్తే తెలుస్తుంది,
చెక్ ట్రేలో మిగిలిన మేత చూస్తే తెలుస్తుంది.
మా సలోమి సంగతే తెలియడం లేదు.

పదకొండేళ్ళు హైదరాబాదు గోల్ఫు మైదానంలో గడ్డి కోశాను.
వస్తూ వస్తూ ఎవరో పారేసిన సెవెన్ ఐరన్ తెచ్చుకున్నాను,
పాముల్ని కొట్టడానికి పనికొస్తుందని.
పిల్ల దాంతో మొదట తాటి టెంకలు కొట్టింది.
తర్వాత గోదావరి కాలవ కట్టేసిన నెలల్లో
ఎండబెట్టిన ఆరో నంబరు చెరువులో బంతులు.
నెర్రెల్లో దూరినవాటిని కొడవలి మొనతో తీసేది.
తర్వాత గట్టు పొడుగునా.
ఐదడుగుల గట్టు, రెండు పక్కలా నీళ్ళు.
పోయిన బంతికి వారం పాకెట్ ఖర్చు పోయినట్టే.
అందుకే వంకర పోవడం మరిచిపోయింది దాని బంతి.

మొన్న విశాఖలో ప్రొఫెషనల్స్ పోటీకి
అమెచ్యూరుగా పిలిచారు. నాలుగోది వచ్చింది.
నాలుగో స్థానం చెక్కు ఐదో అమ్మాయికిచ్చారు. రూలట.
మా పిల్లకి గాజు గిన్నె.
జనరల్ బోగీలో భీమవరం దాకా
ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, పగలకుండా.
వాళ్ళమ్మ అందులో చింతపండు నానేసింది.

ఇంకేం చూస్తావోయ్ ఏసుపాదం, అంటారు రాజుగారు,
టోపీ మీద మన మేత కంపెనీ పేరు కుట్టిద్దాం.
కోచ్ ఫోన్లో: ఒక్క ఏడాది ఆగు.
ఇప్పుడైతే ఖర్చులు జట్టువి.
ప్రొ అయ్యాక టిక్కెట్టు నీది, హోటలు నీది, ఫీజు నీది,
కట్ దాటకపోతే రూపాయి రాదు.
పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. చేశారు.
దరఖాస్తు మేత బస్తాల మీదే ఉంది, గాలికి పోకుండా రెంచి పెట్టాను.

తొందరపడి పట్టిన చెరువులు చూశాను,
డీజిలు బాకీకి కూడా చాలని రొయ్య.
ఆశపడి ఆగిన చెరువులూ చూశాను,
రాత్రి బానే ఉంది, తెల్లారేసరికి తెల్లమచ్చ,
గట్టంతా కాకులు.

నిన్న జీతం అందింది. పదమూడు వేలు.
ఆరో చెరువులో వాళ్ళమ్మ పేడతో అలికిన చాపంత జాగా,
అందులో పూడ్చిన పాలడబ్బా.
దాని పక్కన నోట్లు పెట్టి పైన ఇటుక పెట్టాను.
నాలుగడుగులు. రోజుకి వంద వేసే పిల్ల.
"పడకపోతే ఇది తిరిగి రాజుగారికే" అన్నాను.
నవ్వింది.
వంగాక నవ్వు పోయింది.
బంతి డబ్బా అంచంతా తిరిగి
బయటే ఆగింది.

నోట్లు ఏరి జేబులో పెట్టుకోబోయాను,
ఊరికే అన్నానే పిచ్చిదానా అంటూ.
చెయ్యి పట్టుకుంది.
"ఇచ్చెయ్ నాన్నా."
ఇచ్చేశాను. ఇదేంటన్నారు రాజుగారు.
అడ్వాన్సు తీరుస్తున్నానండీ అన్నాను.
ఇంట్లో బియ్యం అప్పు తెచ్చుకున్నాం,
వాళ్ళమ్మ నాతో మాట్లాడ్డం లేదు. దాంతో మాట్లాడుతోంది.

ఇవాళ అమావాస్య.
రొయ్యలు గుల్ల విడిచే రాత్రి.
రెండ్రోజులు వల వెయ్యకూడదు, వేలు తగిలితే నలిగిపోతాయి,
కొనేవాడు మెత్తదని ధర కోస్తాడు.
టార్చి వేస్తే నీటి అంచున ఖాళీ గుల్లలు,
మీసాలతో సహా, అచ్చం రొయ్యల్లాగే.

ఏరియేటర్ల హోరు అవతల, ఆరో చెరువులో,
చీకట్లో డబ్బా చప్పుడు.
టక్.
మళ్ళీ టక్.
పందొమ్మిది, ఇరవై, లెక్కపెడుతున్నాను.
ఇరవై ఒకటోది రాలేదు.
టార్చి ఆర్పి
చెవి రిక్కించుకుని నిలబడ్డాను.